పింకీ చదివిన కథ

సుజాతా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. ఇంట్ల కూసోబుద్ధి గాక, నువ్వు ఆదివారం ఆదివారం పిల్లలకు కథలు చదివిన పటాన్‌చెరు లైబ్రరీకి మొదటిసారి పోయిన. నువ్వు ఎన్నిసార్లు రమ్మన్నా, డ్యూటీ చేసొచ్చి అలిసిపోయిన అనేటోణ్ని.

నీ జాగల పింకీ కూసుంది. బీహార్ నుంచొచ్చిన వెల్డర్ బిడ్డ, నువ్వు తెలుగు అక్షరాలు దిద్దించిన పిల్ల. చిన్నపిల్లలకు కథ చదువుతున్నది. కథల ముసలవ్వ మాట్లాడేకాడ అచ్చం నీ లెక్కనే గొంతు వణికించింది. నాకు ఏడుపు ఆగలే. బయటికొచ్చి నల్లా కింద మొఖం కడుక్కున్న.

పింకీ ఎనకనే ఉరికొచ్చింది. "అంకుల్, తప్పు చదివిన్నా?"

"లేదు బిడ్డా. గా అవ్వ మాటలు ఇంకోసారి చదువు" అని, పోయి పిల్లల నడుమ కూసున్న.

మల్లేశం