ల్యాబ్ మెట్టు కింది రిక్సియా

21 సెప్టెంబర్ 1961, కరీంనగర్

అన్నం ముందల కూసున్న. తినలే.

ఇయ్యాల మా కాలేజీల బాటనీ సప్లిమెంటరీ ప్రాక్టికల్స్‌కు హైదరాబాద్ నుంచి ఎగ్జామినర్ వచ్చిండు. సీసాల నేను ఊరబెట్టిన రిక్సియా అనే చిన్న మొక్కను చూపించి, ఇదెక్కడ పెరుగుతదని మా స్టూడెంట్ లక్ష్మిని అడిగిండు. మంథని రైతుబిడ్డ గదా, చూసిందే చెప్పింది. "మా పొలంల, తడిమట్టి మీద సార్. రూపాయి బిళ్లంత ఉంటది. ఎండకు మాయమైతది, వాన పడంగనే మళ్ల మొలుస్తది."

"పుస్తకంల ఏమున్నదో చెప్పు. మీ పొలం ముచ్చట నాకెందుకు?" అని సున్నా వేసిండు.

పిల్ల చెప్పింది అక్షరాల నిజం. దాని సిద్ధబీజాలు ఒంట్లనే దాగుంటయి, ఒళ్లు మురిగినంక మట్టిల పడి వానకు ఎదురుచూస్తయి. ఈసారి గూడ తప్పితే వాళ్ల బాపు చదువు మాన్పిస్తడు. నేనేమో ల్యాబ్‌ల నేర్పే, అన్నీ తెలిసిన డిమాన్‌స్ట్రేటర్‌ను, పక్కనే నిలబడి నోరు తెరవలే.

బయటికి రాంగనే మెట్టు కింద నల్లా కాడ ఎగ్జామినర్ కాలు జారిండు. బూటుకంటిన పచ్చటి బిళ్లలను పుల్లతోని గీకుకుంట "ఛీ, పాచి" అన్నడు. అవి రిక్సియాలే.

గా పుల్ల ఏరిచ్చింది నేనే. చెంబుతోని నీళ్లు పోసింది గూడ నేనే.