పెద్దమ్మ కోసిన నేల ఉసిరి

కర్నూలు, 14-9-2006

పెద్దమ్మకు దండాలు.

నిన్న ఉదయం పదకొండింటికి మా కాలేజీ ల్యాబు రిపోర్టు వచ్చింది. నువ్వు కోసిన నేల ఉసిరి అసలైనదే, కల్తీ ఉన్నది నీ దగ్గర కొని పొడి కొట్టి అమ్మే మందుల అంగడాయన పొడిలో. మాకు పాఠం చెప్పే హరిత మేడం రెండింటినీ మైక్రోస్కోపులో చూపించింది. ఆయన పొడిలో వేరే మొక్క ఆకు ముక్కలున్నాయి. రసాయన పరీక్షలో నీ మొక్కలో కనిపించిన మందు గుణం ఆ పొడిలో దాదాపు లేదు. కామెర్లవాళ్లు తాగేది దాన్నే.

రిపోర్టు చూపిస్తే ఆయన, "ఆ కోసిగి ముసల్దే కలిపింటాదప్పా. అడిగితే దండం పెట్టి పాయె" అన్నాడు. చెయ్యని తప్పుకు దండమెందుకు పెట్టావు? నాకు నీ మీద కూడా కోపంగానే ఉంది.

వేరు, కాయలు ఉన్న మొక్కలు నాలుగు పెరికి, పాత పేపర్లో చుట్టి, ఇక్కడికొచ్చే మనూరి ఉమామహేశ్‌తో ఈ ఆదివారమే పంపు. మోకాలి నొప్పి తగ్గిందా? బోరులో నీళ్లున్నాయా? చెల్లి శివకుమారికి ఆశీస్సులు.

25వ తేదీ సోమవారం పదింటికి కాలేజీలో ఆ మొక్కల్లో ఎండిన ఒకదాన్ని నమూనాగా అట్టకు అతికిస్తారు. ఇకమీద ఏ అంగడి పొడినైనా దానితోనే పోల్చి చూస్తారు. అట్ట కింద, కోసినవారి పేరు దగ్గర, మహాదేవమ్మ, కోసిగి అని రాస్తారు.

బసవరాజు