ఆయ్ అన్నంత మాత్రాన

సరోజక్కయ్యకు, నీ చెల్లెలు కరుణ రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ మీ మరిదిగారూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, నా కూతురు జ్యోతీ బాగున్నారని తలుస్తాను. "నా కూతురు" అని కావాలనే రాశాను. నీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా కనిపించలేదు. అన్నిచోట్లా "మా జ్యోతి" అనే ఉంది.

నా ఆరోగ్యం గురించి అడిగావు. బాగున్నాను. నిజంగానే బాగున్నాను. అన్నం తింటున్నాను, నిద్ర పడుతోంది. ఎండలు మాత్రం మొదలయ్యాయి. భిలాయి ఎండ మన ఎండలాంటిది కాదు, ఒంట్లో చెమట కూడా మిగల్చదు. క్వార్టర్లో చుట్టుపక్కల తెలుగువాళ్ళు లేరు. ఎండు రొయ్యలు వేయించిన రోజు వరసంతా తలుపులు మూసుకుంటారు. తెలుగు వినాలంటే ఆదివారం చర్చికి వెళ్ళాలి. తాటిపాక వైపు ఆయిలు కోసం తవ్వుతున్నారట కదా, అక్కడ ఫిట్టరు పనులేమైనా ఉంటాయేమో కనుక్కోమని మీ మరిదిగారు రాయమన్నారు.

ఆసుపత్రి సంగతి ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. బాబు కడుపులోనే పోయాక నేను మాటా తిండీ మానేసి, మీ వసారాలో గోడవైపు తిరిగి పడుకున్న రోజులు నీకు తెలుసు. నువ్వు తలకి నూనె రాయించి ఉపవాస ప్రార్థనలు పెట్టించావు. బావగారికి తెలియకుండా ఎవరో ముసలావిడని పిలిచి వేపమండలతో దిష్టి కూడా తీయించావు. నీకు తెలిసిన వైద్యాలన్నీ చేశావు, కాదనను. పక్కన కూర్చుని "బాబుది ఎవరి పోలికే?" అని అడగడం ఒక్కటే చెయ్యలేదు.

ఇక్కడికి వచ్చాక నన్ను చేర్పించిన ఆసుపత్రిలో డాక్టరమ్మగారిది కలకత్తా. మందులిచ్చి ఊరుకోరు. మధ్యాహ్నం కాగానే మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఒకరికి రంగులు, ఒకరికి మట్టి, ఒకరికి డోలక్ ఇచ్చి, మనసులో ఉన్నది పైకి తెమ్మంటారు. మొదట్లో నాకు ఒళ్ళు మండిపోయేది. బిడ్డ పోయినదాని చేతికి రంగు పెన్సిలిస్తే ఏం గీస్తుంది? నా పక్కనావిడ రోజూ కాగితం నిండా నలుపే పులిమేది. నేను తెల్ల కాగితం తిరిగి ఇచ్చేసేదాన్ని.

డాక్టరమ్మగారికి తెలుగు రాదు, నాకు హిందీ అంతంత మాత్రం. పలాస నుంచి వచ్చిన ఆయా ఒకావిడ మధ్యలో మాట అందించేది.

"నిద్దర పట్టదా అని అడుగుతున్నారమ్మా."

"ఆయ్."

"ఎవరో పిలిసినట్టు వినపడతాదా?"

"ఆయ్."

"సచ్చిపోవాలనుందా?"

"ఆయ్."

మన రాజోలు వైపు ఆయ్ అనడం ఎలాంటిదో నీకు వేరే చెప్పాలా? పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు, వింటున్నామండీ, చెప్పండి అని. ఆయా దాన్ని అవునని హిందీలో చెప్పింది, ఆవిడ అవునని రాసుకున్నారు. మర్నాడు నా మంచం ఆయా కళ్ళెదుటికి మార్చారు. చీరకి పెట్టుకునే పిన్నులు కూడా తీసేసుకున్నారు. మందు పెంచారు. ఆ మగతలో నాలుక మొద్దుబారి ఆయ్ తప్ప ఇంకో మాటే రాలేదు. దాంతో నన్ను ఇంటికి పంపడం వాయిదాలు పడుతూ పోయింది.

ఒకరోజు నాకు మట్టి ముద్ద ఇచ్చారు. ఏం తోచక జ్యోతి ఆడుకునే లక్కపిడతల్లాంటివి చేశాను, ఒక పొయ్యి, గిన్నె, చిన్న చేట. ఎవరికని డాక్టరమ్మగారు అడిగారు. పాపకన్నాను. ఆవిడ ఏదో అంటే ఆయా చెప్పింది: "పాప మీకాడ లేకపోతేనే నిమ్మళంగా ఉందా అంటున్నారు."

"లేదండి" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, అవతల డోలక్ ఆగిపోయింది.

మరి ఇన్నాళ్ళూ అన్నిటికీ అవునన్నావేమని ఆవిడ అడిగారు. "నేనెప్పుడన్నానండీ?" అన్నాను. ఆయా తెల్లబోయింది. డాక్టరమ్మగారు మొదటినుంచీ మళ్ళీ అన్నీ అడిగారు, అవునో కాదో చెప్పు, ఆ ఇంకో మాట వద్దు అని. చివరికి నా చేతులు పట్టుకుని, తప్పు నాదే అన్నారు. అంత పెద్ద చదువు చదివినావిడ. ఆ తర్వాత కొద్దిరోజులకే ఇంటికి పంపేశారు.

మట్టి పిసికితే దుఃఖం పోతుందా అంటే పోదు. చేతులు పనిలో ఉన్నంతసేపు మనసు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, అంతే. ఇంటి దగ్గరా చేస్తున్నాను. "మా ఇంట్లో కుమ్మరి వెలిసేడు" అని మీ మరిదిగారు వెక్కిరిస్తారు, మళ్ళీ సైకిలు మీద మట్టి తెచ్చేదీ ఆయనే.

ఇక అసలు సంగతి. జ్యోతిని బళ్ళో వేశామని, బావగారి ఇంటిపేరు రాయించామని, "నువ్వు ఆరోజు ఒప్పుకున్నావు కదా" అని రాశావు. ఏరోజు? నేను రైలెక్కే ముందురోజేగా? బావగారు పడకకుర్చీలో కూర్చుని అన్నారు: "నీకా ఒంట్లో బాగోదు. పిల్ల ఇంక మా దగ్గరే పెరుగుద్ది. మా పిల్లే అనుకుంటాం. ఏవమ్మా?" నేను ఆయ్ అన్నాను. నువ్వు గుమ్మంలో జ్యోతికి జడ వేస్తున్నావు.

కలకత్తా ఆవిడకి తెలియదు. పలాస ఆవిడకీ తెలియదు. నువ్వు రాజోలులో పుట్టావక్కయ్యా. పిల్లల కోసం నిన్ను పెద్ద డాక్టరుకి చూపించక్కర్లేదని బావగారు తేల్చేసినప్పుడు నువ్వూ ఆయ్ అనే అన్నావు. ఆ తర్వాత వంటింట్లో నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చావు. ఆరోజు నువ్వు ఒప్పుకున్నావా?

నీ బాధ నాకు తెలియంది కాదు. నువ్వు పిల్లని కంటికి రెప్పలా చూస్తున్నావనీ తెలుసు. కానీ నా దుఃఖానికి మందో మట్టో నేను వెతుక్కున్నాను. నీ దుఃఖానికి నా కూతురు మందు కాదు.

మీ మరిదిగారికి సెలవు దొరికింది. ఈస్టరు వెళ్ళగానే ఇద్దరం బయలుదేరి వస్తున్నాం, పిల్లని తీసుకెళ్తాం. బళ్ళో ఇంటిపేరు మార్పించమని బావగారికి చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నేనే చెబుతాను. ఒక డబ్బా కొబ్బరినూనె ఆడించి ఉంచు, ఇక్కడి నూనె తలకి పెట్టుకోలేం.

మొన్న చర్చిలో రాజోలు నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ కనిపించి, "మీ అక్కగార్ని జ్యోతి అమ్మా అంటందండి. మిమ్మల్నేమో భిలాయి పిన్ని అంటందండి" అని నవ్వుతూ చెప్పింది. ఆవిడకి తెలియక చెప్పింది. నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి నా బిడ్డ నీవైపు తిరిగి "అమ్మా, పిన్ని వచ్చింది" అందంటే, మనం అక్కచెల్లెళ్ళమన్న మాట ఆపూటతో సరి.

బావగారికి నమస్కారాలు. పాస్టరుగారికీ, పక్కింటి పెద్దమ్మగారికీ వందనాలు చెప్పు. వాళ్ళ ప్రార్థనలో నన్ను తలుచుకోమను. ఈ ఉత్తరం జ్యోతికి చదివి వినిపించనక్కర్లేదు. కింద సంతకం ఒక్కటీ చదివితే చాలు.

ఇట్లు,
జ్యోతి వాళ్ళ అమ్మ
కరుణ