ఖాళీ ఉంచిన పేజీ

రావులపాలెం,
1998 ఏప్రిల్ 12.

ప్రియమైన నాగశ్రీ అక్కకి,

నీ చెల్లెలు వీరవేణి నమస్కారాలు. నా రాత చూసి నవ్వకు. అయిదో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. ఒత్తులు ఉండాల్సిన చోట లేకపోతే నువ్వే పెట్టుకుని చదువు. తప్పులెన్ని ఉన్నా క్షమించు. బావగారికి మాత్రం చూపించకు, నాకు సిగ్గు.

మేం స్టూడియో పెట్టి రెండో ఏడు నడుస్తోంది. అరటిగెలల మార్కెట్టుకి ఎదురుగా, టైలరు లాజరు గారి కొట్టు పక్కన. ముహూర్తాలున్న రోజుల్లో నీ మరిదిగారు కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళకి వెళ్తారు, నేను కొట్లో కూర్చుంటాను. పాస్‌పోర్ట్ ఫోటోలు ఇవ్వడం, అడ్వాన్సులు పుచ్చుకోవడం, ఆల్బం తయారయ్యాక మిగతా డబ్బు తీసుకుని చేతికివ్వడం నా పని. మొదటి రెండూ చేతనవుతున్నాయి. మూడోదే నా వల్ల కావడం లేదక్కా.

ఆల్బం కోసం ఒక్కరే రారు. ఇంట్లో ఆడవాళ్ళంతా కలిసి వస్తారు. బల్ల చుట్టూ మూగి, "ఇదిగో పెద్దమ్మ కళ్ళు మూసేసింది", "ఈ చీర ఎవరిదే?" అని నవ్వుకుంటారు. ఆ సంతోషం మధ్యలో "డబ్బులండీ" అని ఎలా అనను? మాట నోటిదాకా వస్తుంది. ఈలోగా వాళ్ళు ఆల్బం మూసి సంచిలో పెట్టేసుకుంటారు. "సాయంత్రం మావారు పట్టుకొస్తారమ్మా" అంటారు. ఆ సాయంత్రం రాదు. రీళ్ళు రాజమండ్రి కలర్ ల్యాబులో కడిగిస్తాం. అక్కడ రొక్కం పెడితేనే ప్రింట్లు ఇస్తారు. అంటే జనం పట్టుకుపోయేది మా లాభమే కాదు, మా పెట్టుబడి కూడా.

నిన్న ఆయన పెళ్ళి నుంచి వచ్చి గల్లాపెట్టె తెరిచి చూశారు. లాజరు గారు మా గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఈయన లాజరు గారితో నవ్వుతూనే అన్నారు: "ఈవిడని కుర్చీలో కూర్చోబెట్టే బదులు షోకేసులో ఫోటో ఒకటి తెచ్చి పెట్టుకున్నా ఒకటేనండి. అదీ మాట్లాడదు, ఇదీ మాట్లాడదు."

లాజరు గారు నవ్వలేదు. కత్తెర వెతుక్కుంటున్నట్టు తన కొట్లోకి వెళ్ళిపోయారు. నేను షోకేసు వైపు చూశాను. అందులో ఎవరో పెళ్ళికూతురు బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది. దాని మీద నాకు కోపం వచ్చిందంటే నమ్ముతావా?

ఆయన చెడ్డవారు కాదు. ఈ ముహూర్తాలు కూడా ఇలాగే పోతే కెమెరా అమ్మేసి, భీమవరంలో వాళ్ళన్నయ్య రొయ్యల చెరువుల మీద పనికి వెళ్తానంటున్నారు. పెళ్ళికూతురి ముఖం మీద వెలుతురు పడే చోటు కోసం పీటలు జరిపించే మనిషి, చెరువుగట్టు మీద మేత బస్తాలు మోయిస్తూ ఎలా ఉంటారు? అది నా మూలంగానే అవుతుందని నా బెంగ. నేనిక ఆ కుర్చీలో కూర్చోను. నోరున్న మనిషినెవరినైనా పెట్టుకోమంటాను. కొన్నాళ్ళు జంగారెడ్డిగూడెం వచ్చి నీ దగ్గరుంటాను. రమ్మని రాయి.

నీ చెల్లెలు,
వీరవేణి


రావులపాలెం,
మే 20.

అక్కా,

నీ ఉత్తరం అందింది. రమ్మన్నావు, కానీ ఇప్పుడు రాలేను. ఎందుకో రాస్తాను.

ఊబలంక వాళ్ళ పెళ్ళి ఫోటోల్లో అప్పగింతలది ఒకటి ల్యాబులో పచ్చగా పాడయింది. ఆయన మళ్ళీ ప్రింటుకి పంపారు. అది వచ్చేలోపే వాళ్ళు ఆల్బం పట్టుకుపోయారు, చివరి పేజీ ఖాళీగానే. డబ్బు సంగతి మామూలే. కానీ మర్నాడు పొద్దున్నే పెళ్ళికూతురి తల్లీ మేనత్తా ఆటో దిగారు. "పాలలో ముంచిన చెయ్యి అత్తగారి చేతిలో పెట్టే ఫోటో ఏదమ్మా? అది లేకపోతే పిల్లని పంపించినట్టే లేదు" అన్నారు. ఫోటో అప్పటికే వచ్చి నా సొరుగులో ఉంది. "సిద్ధంగా ఉందండి. మిగతా డబ్బు కట్టి పట్టుకెళ్ళండి" అన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. మేనత్తగారు కొంగు ముడి విప్పి లెక్కపెట్టి ఇచ్చారు.

అప్పటినుంచి ప్రతి ఆల్బంలో ఆ పేజీ ఖాళీగా ఉంచి ఇస్తున్నాను. వాళ్ళే వచ్చి అడుగుతారు. అడగడానికి నాకు సిగ్గు గానీ, అడిగినదానికి జవాబు చెప్పడానికి సిగ్గెందుకు? గల్లాపెట్టె బరువెక్కింది. ఆయన "ఎలా వసూలు చేస్తున్నావే!" అని ఆశ్చర్యపోయారు. బావగారి తమ్ముడు మురళీకృష్ణ పెళ్ళి ఫోటోలు మాకే ఇప్పిస్తానని నువ్వు రాస్తే ఇంకా సంబరపడ్డారు.

ఇంతవరకూ బాగానే ఉందక్కా. మార్కెట్టులో గెలల వ్యాపారి అబ్బులు గారని ఉన్నారు. వేలంపాటలో ఆయన గొంతు మా కొట్లోకి వినపడుతుంది. వాళ్ళమ్మాయి లావణ్యని పెద్దాపురం ఇచ్చారు. ఆ ఆల్బం కూడా అలాగే ఇచ్చాను. ఆయన చివరి పేజీ చూసి, "ఒక పేజీ ఖాళీగా ఉంటే ఉండనీవమ్మా. ఏడుపు ఫోటోలకి కూడా డబ్బులేంటి?" అని స్కూటరెక్కి పోయారు. ఆయన దగ్గర లేక కాదు. ఇవ్వడం అలవాటు లేదు.

ఇప్పుడు ఆయన భార్య బంగారమ్మ గారు కూరలకి వచ్చినప్పుడల్లా మా కొట్లో ఆగుతున్నారు. "ఒక్కసారి చూపించమ్మా, చూసి ఇచ్చేస్తాను" అంటారు. చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోటో అంచులు పట్టుకుని చూస్తారు. లావణ్యని అత్తవారు ఆషాఢానికి గానీ పంపరట. చూశాక నా చేతిలో పెట్టేసి సంచీ ఎత్తుకుని వెళ్ళిపోతారు. ఇమ్మని ఒక్క మాట అనరు. నేను సొరుగు మూస్తాను. ఆ చప్పుడు నాకు ఎలా వినపడుతుందో నీకెలా రాయను!

మావారితో చెప్తే, "గట్టిగా ఉండు. ఆవిడ పోరు పడలేక ఆయనే కడతాడు" అన్నారు. నిన్న బంగారమ్మ గారు చెవి దిద్దు మర విప్పబోయారు. "ఇవి నీ దగ్గరుంచుకుని ఫోటో ఇవ్వమ్మా. ఆయన్నడిగితే కసురుతున్నారు" అన్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను, కానీ ఫోటో ఇవ్వలేదు.

అక్కా, నాకు నోరొచ్చిందని మురిసిపోయాను. అది నాలాంటి నోరులేని మనిషి మీదే లేచింది. ఆ ఫోటో కోసం ఏడ్చేది ఒకరు, డబ్బు చేతిలో ఉన్నది ఇంకొకరు. నేను కట్టేసింది ఎవరిని? రేపు ఆవిడ వస్తే ఊరికే ఇచ్చేస్తాను. మావారు కోప్పడితే, నువ్వు రమ్మన్నావు కాబట్టి బస్సెక్కుతాను.

నీ వీరవేణి


రావులపాలెం,
జూన్ 9.

అక్కకి,

బస్సెక్కలేదు. తీరిగ్గా చదువు.

ఫోటో ఇచ్చేస్తానని చెప్పగానే బంగారమ్మ గారు పరుగున ఇంటికెళ్ళి ఆల్బం తెచ్చారు, నా చేత్తోనే అతికించమని. అతికించి, పేజీలు సరిచూస్తుంటే ఒకచోట ఆగాను. స్టేజి మీద ఎమ్మెల్యే గారు అబ్బులు గారి భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్న ఫోటో. ఆవిడ చూసి నిట్టూర్చారు.

"ఆయన చూసేది అదొక్కటేనమ్మా. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ పేజీ తీస్తారు. కూతురెక్కడుందో కూడా చూడరు."

నేను ఆవిడ ముఖం చూశాను. ఆవిడ నా ముఖం చూశారు.

"ఊడదీయనా పిన్నిగారూ?"

"నన్నడక్కమ్మా. నేనిటు తిరిగి రోడ్డు చూస్తున్నాను."

అట్టే చప్పుడు కాకుండా ఊడదీసి సొరుగులో పెట్టాను. మావారు వచ్చాక అప్పగింతల ఫోటో ఇచ్చేశానని చెప్పాను. "అయితే ఆ బాకీ గోదాట్లో కలిసినట్టే" అని విసుక్కుని, కొట్లో వెనక కట్టిన నల్లతెర చాటుకి వెళ్ళి కెమెరా తుడుచుకుంటూ కూర్చున్నారు. రెండో ఫోటో సంగతి భయపడి చెప్పలేదు.

మర్నాడు గెలల వేలం కాకముందే అబ్బులు గారి స్కూటరు వచ్చింది.

"ఏమ్మా, మా ఎమ్మెల్యే గారేరి?"

"మా సొరుగులో ఉన్నారండి, భద్రంగా."

"ఇంట్లో వియ్యంకుడు కూర్చున్నాడు. చూపిద్దామని తీస్తే పేజీ ఖాళీ! పరువు పోయింది. తియ్యి, ఇటివ్వు."

"బాకీ కట్టండి బాబాయిగారూ, ఇస్తాను."

"నా ఫోటో నాకివ్వడానికి బాకీ ఏంటి?"

నేను సొరుగు మీద చెయ్యి పెట్టి కుర్చీలోనే కూర్చున్నాను. "మీరే అన్నారుగా, ఒక పేజీ ఖాళీగా ఉంటే ఉండనీ అని" అన్నాను.

పక్క కొట్లో లాజరు గారి మిషను ఆగిపోయింది. అబ్బులు గారు గట్టిగా నవ్వేశారు. "మార్కెట్టులో నన్ను ఇలా కట్టేసినవాడు లేడు" అంటూ లోపలి జేబులోంచి తీసి, మిగతా మొత్తం బల్ల మీద పెట్టారు. ఫోటో జేబులో పెట్టుకోబోయి మళ్ళీ చూసుకున్నారు.

"దీన్నే పెద్దది చేసి ఫ్రేము కట్టిస్తే ఎంతవుద్దమ్మా?"

ధర చెప్పి, "అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వాలండి" అన్నాను. ఇచ్చారు!

స్కూటరు వెళ్ళాక నల్లతెర కదిలింది. మావారు ఆ వెనకే ఉండి అంతా విన్నారు. బయటికొచ్చి, ఆ ఫోటో నెగెటివ్ వెతకడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఎవరో పెళ్ళి బేరానికి వచ్చి ధర తగ్గించమంటే, "ఆ సంగతులు మా ఆవిడతో మాట్లాడుకోండి. నాకు ఫోటోలు తియ్యడమే తెలుసు" అన్నారు. లాజరు గారు వినేలా కొంచెం గట్టిగానే అన్నారు. నాకది చాలు. భీమవరం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక నుంచి తల్లులకి అప్పగింతల ఫోటో ముందే ఇచ్చేస్తాను. డబ్బు చేతిలో ఉన్నవాళ్ళు ఏ పేజీ దగ్గర ఆగుతారో చూసి, అదే ఉంచుకుంటాను.

శ్రావణంలో మురళీకృష్ణ పెళ్ళికి మేం ముందురోజే వస్తాం. ఖర్చులన్నీ బావగారి చేతి మీదే అన్నావు కదా. ఎమ్మెల్యేల్లాంటి పెద్దవాళ్ళు స్టేజి ఎక్కితే బావగారు ఎక్కడ నిలబడతారో నాకు తెలుసు. అందుకని అక్కా, నీకు దణ్ణం పెడతాను, ఈ ఉత్తరం బావగారి కంటపడకముందే పొయ్యిలో పెట్టేయ్.

నీ చెల్లెలు,
వీరవేణి