మా కంపు మాకు తిరిగి ఇప్పించుట గురించి

వాయు తనిఖీ విభాగపు అధికారి గారికి, నాచారంలో ఫ్యాక్టరీ గోడ పక్కన కాపురముంటూ ఉప్పల్‌ బేకరీలో పనిచేయు ఆశీర్వాదం పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మల్లెపూల వాసన తక్షణం నిలిపివేసి, పాత కంపును పునరుద్ధరించుట గురించి.

1. మా పెరటి గోడకు ఆవలి ఫ్యాక్టరీలో బ్యుటిరిక్ ఆమ్లం తయారగును. ముక్కిపోయిన వెన్న మీద ఎవరో కక్కుకున్నట్లుండును దాని కంపు. కోళ్ల దాణాలో కలిపే మందు, మేము కేకులో వేసే పైనాపిల్ ఎసెన్సు దీనితోనే చేయుదురట. అక్కడి సూపర్‌వైజరు గౌతమ్, "ఫికర్ జెయ్యకు అన్నా, గిది విషం గాదు. మీ నెయ్యిల గూడ ఉంటది" అని సెలవిచ్చినాడు. నా భార్య దోర్కా ఊరుకోలేదు. "గంత మంచిదైతే నువ్వే అన్నంల పోసుకో బిడ్డా" అన్నది.

2. దోర్కాకు ఉబ్బసం. ఫ్యాక్టరీ పైపు కారినప్పుడల్లా కంపు పెరిగేది. అది ముక్కుకు తగలగానే ఆమె పొయ్యి ఆర్పి, ఆటో ఎక్కి రామంతాపూర్‌లో చెల్లెలింటికి పోయేది. ఊపిరాడనివ్వని ఘాటు రాకముందే కంపు వచ్చి లేపేది కనుక ఇన్నాళ్లు బతికినది.

3. కంపు భరించలేక బస్తీవాళ్లమంతా కలిసి పెట్టుకున్న అర్జీపై తమరు చర్య తీసుకొనిరి. ఫ్యాక్టరీ వారు కారే పైపును మార్చలేదు. గోడ పొడవునా గొట్టాలు బిగించి మల్లెపూల సెంటు చిమ్ముచున్నారు. "ఫిర్యాదు పరిష్కరించబడినది" అని నా ఫోనుకు మెసేజి వచ్చినది. సంతోషం! పిల్లలు గోడ కింద చేరి పెండ్లి వాసన అని ఎగురుచున్నారు. పక్కింటి ఉప్పలమ్మ కోళ్లు మాత్రం ఆ వైపు పోవుట మానినవి.

4. మొన్న ఆదివారం ప్రార్థన నుండి వచ్చి దోర్కా పెరట్లో బియ్యం కడుగుచుండెను. మా ముక్కుకు మల్లెలు తప్ప మరేమీ తగల్లేదు. నేను బిందె తెచ్చేలోగా గిన్నె బోర్లాపడి ఉన్నది. ఆమె గొంతు పట్టుకొని కూలబడినది, పెదవులు నీలమైనవి. దవాఖానాలో ఆక్సిజన్ పెట్టి, "వాసన రాంగనే బయటికి ఉరకాలె గద!" అని డాక్టరమ్మ నన్నే కోప్పడినది. "వాసన మంచిగనే ఉండె మేడం" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు ఏడుపొచ్చింది సారూ.

కావున సదరు పైపును మార్పించవలెను. అది కాదనినచో, కనీసం మల్లెను ఆపించి మా కంపు మాకు ఇప్పించవలెను. ఈసారి ముక్కుతో కూడా చిత్తగించవలెను.

ఇంకా తమ విధేయుడే,
ఆశీర్వాదం

తా.క.: సారూ, గౌతమ్ ఇప్పుడే ఫోన్ జేసిండు. మల్లె పడకపోతే గులాబీ పెట్టిస్తడంట. దోర్కాను ఇయ్యాల్నే ఇంటికి తెచ్చిన. తలుపులన్ని మూసి కూసున్నం, అయినా వాసన లోపలికి వస్తనే ఉన్నది. "ఏమయ్యా, గిది ఉత్త మల్లేనా?" అని నా చెయ్యి పట్టుకొని అడుగుతున్నది. నాకేం ఎరుక సారూ, ఏమని చెప్పాలె?