చదువు అయ్యేదాకా

ఇల్ఫర్డ్,
నవంబరు.

ప్రియమైన అమ్మకు, నాన్నకు,

ఎవరైనా చూస్తే నవ్వుతారు. చేతిలో ఫోను ఉండగా పోస్టాఫీసుకు వెళ్ళి స్టాంపు కొనుక్కొచ్చి ఉత్తరం రాసేదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. నిన్న కాగితం ముందేసుకుని కూర్చుంటే, "ఏందే, కోర్టు నోటీసు రాస్తున్నవా?" అని అడిగింది భావన. భావన నా గదిలో ఉండే వరంగల్లు అమ్మాయి, నా క్లాసే. అప్పుడు చెప్పాను. గొంతు ఆపరేషన్‌తో మా అమ్మకు మాట పోయిందని, మెడ దగ్గర పెట్టిన గొట్టంతో వీడియోలో కనపడటం ఇష్టంలేక నన్ను ఉత్తరాలు రాయమందని. ఆ తర్వాత అది ఎగతాళి చేయలేదు. లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది.

అమ్మా, కనపడనని నువ్వు పట్టుబట్టడం నాకు కోపంగానే ఉంది. నేను విమానం ఎక్కేటప్పుడు నీకు గొంతు బొంగురు తప్ప ఏమీ లేదు. నాన్న ఆదివారం ఫోన్‌లో "బాగుంది, మందులు వాడుతున్నాం" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తాడు. నీ సంగతులు కాస్త వివరంగా రాయమని చెప్పు.

ఇక్కడ చలి కంటే చీకటే ఎక్కువ బాధగా ఉంది. మధ్యాహ్నం క్లాసు అయి బయటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగి ఉంటాయి. ఇంట్లో ఆరుగురం, ఒకటే వంటిల్లు. ఎవరు ఎప్పుడు వండుకోవాలో ఫ్రిజ్ మీద రోటా అంటించారు. నా వంతు వచ్చేదాకా ఆకలి ఆగదు, వచ్చాక వండే ఓపిక ఉండదు. చదువు మాత్రం బాగుంది. ఒక ఊళ్ళో జనం ఎందుకు ఎక్కువ జబ్బు పడతారు, పక్క ఊళ్ళో ఎందుకు పడరు అని వెతకడమే మా ప్రజారోగ్యం కోర్సు. శని ఆదివారాలు కేర్ హోమ్‌లో పని చేస్తున్నాను. వృద్ధులకు స్నానం చేయించి, తినిపించి, కబుర్లు చెప్పాలి. అక్కడ అందరూ నా పేరును ముక్కలు చేసి పిలుస్తారు.

నువ్వు ఏం తింటున్నావో, నొప్పి ఎలా ఉందో రాయించు.

మీ ప్రఫుల్ల

*

శ్రీ

తెనాలి,
డిసెంబరు.

చిరంజీవి ప్రఫుల్లకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది,

ముందు తిట్లు, తర్వాత కబుర్లు. ఉత్తరం పైన శ్రీ ఏదమ్మా? శుభలేఖలు అచ్చువేసుకుని బతికేవాడి కూతురివి. మన ప్రెస్సులోంచి శ్రీ లేకుండా బయటికి వెళ్ళేది పెద్దకర్మ కార్డు ఒక్కటే. చావు కబురు మోసే కాగితానికి తప్ప మిగతా వాటన్నిటికీ తలమీద శ్రీ ఉండాలి. నీ కవరు విప్పగానే ఏం చావు కబురోనని సంతకం దాకా ఒక్క గుక్కలో చదివేశాను. మీ అమ్మ నా మొహం చూసి, చిన్నపిల్ల, దానికేం తెలుసులే అన్నట్టు చెయ్యి ఊపింది.

వివరంగా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. అమ్మకు జావ, మజ్జిగ దిగుతున్నాయి. చెప్పదలుచుకున్నదంతా చేతులతోనే చెబుతుంది. మీ ప్రసన్నలక్ష్మి పిన్ని రోజూ వచ్చి తల దువ్వి, చీర మార్చి వెళుతోంది. నీ ఉత్తరం అమ్మ నా చేత రెండుసార్లు చదివించుకుంది. భావన మాట దగ్గర నవ్వింది. వంటింటి రోటా దగ్గర మాత్రం కళ్ళు తుడుచుకుంది.

పెళ్ళిళ్ళ రోజులు, ప్రెస్సులో ఊపిరి సలపడం లేదు. మొన్న ఒకాయన శుభలేఖలో బంధుమిత్రుల అభినందనల వరుసలో తమ కుక్క పేరు కూడా వేయమన్నాడు. వేశాను. అమ్మకు చెబితే ఆపకుండా నవ్వింది. గొట్టం కదిలితే ఎవరిది బాధ్యత అని, దాన్ని శుభ్రం చేయడానికి ఇంటికి వచ్చే నర్సు నన్ను కేకలేసింది.

ఒక్క సంగతి జాగ్రత్తగా విను. నా చెయ్యి తన తలమీద పెట్టుకుని అమ్మ ఒట్టు వేయించుకుంది, చదువు అయ్యేదాకా నిన్ను మధ్యలో రమ్మనకూడదని. ఆమె మనసు కష్టపెట్టకు. బాగా చదువుకో.

ఆశీస్సులతో,
నాన్న

*

శ్రీ

ఇల్ఫర్డ్,
ఫిబ్రవరి.

ప్రియమైన అమ్మకు,

శ్రీ పెట్టాను, నాన్నకు చూపించు.

ఈసారి నీతోనే మాట్లాడాలి. ఏప్రిల్‌లో మాకు ఈస్టర్ సెలవులు, మూడు వారాలు. క్లాసులు ఉండవు, పరీక్షలు మే నెలలో. వచ్చి వెళ్ళినా చదువు పాడవదు, హాజరు తగ్గదు. మా ట్యూటర్‌ను కూడా అడిగాను. "వెళ్ళిరా, మీ అమ్మను చూసుకో" అని ఆయనే అన్నాడు. కేర్ హోమ్‌లో కూడా ముందుగా చెబితే రోటాలోంచి పేరు తీసేస్తారు. అడ్డం ఏమీ లేదు, నీ ఒట్టు తప్ప.

నీ మెడ దగ్గర గొట్టం చూసి నేను భయపడతానని కదా నీ దిగులు. ఇక్కడ నేను వారం వారం చేసే పని అదేనమ్మా. గొట్టాలు శుభ్రం చేస్తాను, పుళ్ళు తుడుస్తాను. ముక్కూమొహం తెలియనివాళ్ళకు చేస్తున్నాను, నీకు చేయలేనా? ఒక పెద్దామెకు అన్నం కలిపి పెట్టినంత శ్రద్ధగా తినిపిస్తుంటే, నా చెయ్యి పట్టుకుని ఎవరి కూతురివని అడిగింది. లక్ష్మీకుమారి కూతురిని అన్నాను. ఆమెకు ఏం తెలుస్తుంది, అయినా తలూపింది.

రమ్మని ఒక్క మాట నాన్న చేత రాయించు. టికెట్టు తీసుకుంటాను.

నీ ప్రఫుల్ల

*

శ్రీ

తెనాలి,
మార్చి.

చిరంజీవి ప్రఫుల్లకు ఆశీస్సులు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. వద్దంది. మొన్న స్కాను తీశారు, ముందుకంటే నయం అన్నాడు డాక్టరు. నీరసానికి సెలైను పెట్టాలని గుంటూరు ఆసుపత్రిలో ఉంచాం, కంగారుపడేంత ఏమీ లేదు. ఇంత దూరం వచ్చి నాలుగు రోజులు ఉండి మళ్ళీ ఏడుస్తూ వెళ్ళడం ఎందుకు? పట్టా తీసుకుని ఒకేసారి దర్జాగా రావాలని ఆమె కోరిక. తను ఒకసారి మాట అన్నదంటే మారదని నీకు తెలుసు.

సెలవుల్లో కూర్చుని పరీక్షలకు చదువుకో. వేళకు తిను.

నాన్న

*

తెనాలి,
ఏప్రిల్.

ప్రఫుల్లకు,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మను ఇంటికి తీసుకొచ్చేశాం. నొప్పి తగ్గింది, నిద్ర పడుతోంది. మిషను రిపేరుకు వచ్చి ప్రెస్సు కొన్నాళ్ళు మూశాను. పిన్ని ఇంట్లో పెళ్ళిచూపుల హడావిడి, ఫోను ఎత్తకపోతే ఏమీ అనుకోకు.

పరీక్షలు బాగా రాయమని అమ్మ చెప్పమంది.

నాన్న

*

ఇల్ఫర్డ్,
మే.

ప్రియమైన అమ్మకు,

పరీక్షలు అయిపోయాయి. బాగానే రాశాను. ఇక థీసిస్ ఒక్కటే మిగిలింది, సెప్టెంబరులో ఇవ్వాలి.

ఇక్కడ ఎండ వచ్చింది. జనం పార్కుల్లో గడ్డి మీద పడుకుని ఎండను చూసి మురిసిపోతున్నారు. మన తెనాలి ఎండలో ఒక పూట నిలబెడితే తెలుస్తుంది వీళ్ళకు. భావన నిన్న పులిహోర చేసింది. ఉప్పు ఎక్కువైందని ఒప్పుకోదు, నిమ్మకాయలదే తప్పంటుంది.

నీకు నొప్పి లేదని నాన్న రాశాడు. అంతకంటే నాకేం కావాలి? ఇప్పుడు నా దిగులంతా నాన్న మీదే. పొద్దున టిఫిను మానేస్తున్నాడేమో, రాత్రి మజ్జిగ తాగి పడుకుంటున్నాడేమో. నా మాటగా గట్టిగా చెప్పు. పిన్ని క్యారేజీ పంపితే వద్దనకుండా తినమను. సాయంత్రం తలుపులు వేసుకుని ఒక్కడే కూర్చోవద్దను. ప్రెస్సు తెరవమను, పని ఉంటే మనిషి బాగుంటాడు.

నేను నీకు రాస్తూనే ఉంటాను. నువ్వు వింటూ ఉండు.

నీ ప్రఫుల్ల

*

తెనాలి,
జూలై.

చిరంజీవి ప్రఫుల్లకు,

నీ ఉత్తరాలు వరసగా అందుతున్నాయి. అమ్మ ప్రతిదీ మళ్ళీ మళ్ళీ చదివించుకుంటోంది. పులిహోరలో ఉప్పు ఎక్కువైతే ఇంకాస్త అన్నం కలపమంది. వానాకాలం గొడుగు లేకుండా తిరగవద్దంది. థీసిస్ రాసేటప్పుడు కళ్ళు మండితే చన్నీళ్ళతో కడుక్కోమంది. భావనను తన మాటగా అడిగానని చెప్పమంది. నీ జడ ఇంకా అంతే ఉందా, కత్తిరించేశావా అని అడుగుతోంది.

నువ్వు చెప్పావని ప్రెస్సు తెరిచాను. క్యారేజీ తింటున్నాను.

ఆశీస్సులతో,
నాన్న

*

ఇల్ఫర్డ్,
సెప్టెంబరు.

నాన్నా,

ఈ ఉత్తరం నీ ఒక్కడికే.

నిన్న థీసిస్ ఇచ్చేశాను. చదువు అయిపోయింది. ఇక నీ ఒట్టుకు భంగం ఏమీ లేదు కాబట్టి చెబుతున్నాను. అమ్మ లేదని నాకు ఏప్రిల్ నుంచి తెలుసు.

నీ ఏప్రిల్ ఉత్తరం పైన శ్రీ లేదు. నొప్పి తగ్గిందని, నిద్ర పడుతోందని రాయగలిగావు గానీ, మైలలో ఉన్న చేత్తో శ్రీ రాయలేకపోయావు. కవరు విప్పి గుమ్మంలోనే నిలబడిపోయాను. వెంటనే పిన్నికి ఫోన్ చేశాను. నేను ఏమీ అడగలేదు, పిన్నీ అన్నానంతే. ఏడ్చి ఫోను పెట్టేసింది. కాసేపటికి తనే చేసి చెప్పింది. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది. నాకు తెలిసిన సంగతి నీకు చెప్పవద్దని ఆమె చేత మాట తీసుకున్నాను.

ఆరుగురి ఇంట్లో ఒకటే బాత్‌రూము. బయట ఎవరో తలుపు కొడుతుంటే కట్టుబట్టలతో తలస్నానం చేశాను. భావన తన పని మానుకుని నాకు అన్నం వండి పెట్టింది. "ఫోన్ చేసి అడుగు మీ నాన్నను. గిట్ల లోపట పెట్టుకుంటే ఎట్లనే?" అంది. అడిగితే నువ్వు చెప్పేవాడివే. చెప్పేశాక నీకు పొద్దు గడవడానికి ఏముంటుందని నా భయం. ఆ ఇంట్లో నీకు మిగిలిన పని నాకు అబద్ధం చెప్పడం ఒక్కటే అనిపించింది. అందుకే అమ్మకు రాస్తూ వచ్చాను. అమ్మ పేరు మీద నువ్వు రాసిన మాటలు చదువుకుంటూ వచ్చాను. జడ గురించి అడిగింది నువ్వేనని తెలిసి కూడా అద్దం ముందు నిలబడ్డాను.

నీ మీద కోపం లేదని రాయలేను. చాలా ఉంది. సెలవులు నా చేతిలో ఉన్నాయి. రావద్దన్నావని ఆ మూడు వారాలూ కేర్ హోమ్‌లో ఖాళీ షిఫ్టులన్నీ తీసుకున్నాను. అమ్మ పోయిన పూట నేను ఎవరి తల్లికో పాలు తాగిస్తూ ఉన్నాను. అమ్మ మొహం నాకు చూపించకుండా పంపించేశావు.

అమ్మ ఒట్టు కాబట్టి నువ్వు మాత్రం ఏం చేయగలవు అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. కానీ ఒక్క సంగతి నిద్రపోనివ్వడం లేదు. చివరి రోజుల్లో అమ్మ నన్ను అడిగిందా? నేను బాధపడతానని తప్పించకు. ఇది ఒక్కటి నిజం రాయి, నాన్నా.

ప్రఫుల్ల

*

తెనాలి,
అక్టోబరు.

అమ్మా ప్రఫుల్లా,

అడిగింది.

ఈస్టర్ సెలవులకు వస్తానని నువ్వు రాసిన ఉత్తరం చదువుతుంటే నన్ను మధ్యలో ఆపింది. నా చెయ్యి తీసుకుని తన తలమీద పెట్టుకుని, మళ్ళీ తీసి మంచం మీద పెట్టేసింది. ఒట్టు తీసేసిందని నాకు అర్థమైంది. అర్థం కానట్టు మిగతా ఉత్తరం చదివాను. మర్నాడు చెయ్యి పైకెత్తి విమానం వచ్చి దిగినట్టు చూపించి, పక్కన ఉన్న కుర్చీని తట్టింది. మంచినీళ్ళు కావాలా అని అడిగాను. కాసేపు నా మొహంలోకి చూసింది. నీళ్ళు తెచ్చి ఇస్తే, దాహం లేకపోయినా తాగింది. ఆ తర్వాత రెండు వారాలు నన్ను ఏమీ అడగలేదు.

ఆమె వద్దందని నీకు రాసింది నా సొంత అబద్ధం. ఆ స్థితిలో చూశావంటే నువ్వు తిరిగి వెళ్ళవు. ఆమె మంచం పట్టుకుని ఇక్కడే ఉండిపోతావు, చదువు పోతుంది. ఆమె ఎటూ దక్కదని డాక్టరు జనవరిలోనే చెప్పేశాడు. దక్కని మనిషి కోసం నీ చదువు ఎందుకు పోవాలని ఆలోచించాను. అప్పుడు అది సరైన లెక్కలాగే కనిపించింది. ఇప్పుడు ప్రెస్సులో కూర్చుని ఎంత ఆలోచించినా సరైనదిగా కనిపించడం లేదు.

చివరి రోజు ఉండబట్టలేక చెప్పాను, ప్రఫుల్ల బయలుదేరింది, రేపటికల్లా నీ దగ్గర ఉంటుందని. ఆమె మొహం వెలిగిపోయింది. నా చెయ్యి తట్టి, తనను అవతలి పక్కకు తిప్పమని సైగ చేసింది. తలుపు కనపడేటట్టు తిప్పి పడుకోబెట్టాను. కన్ను మూసేదాకా ఆ తలుపు వంకే చూసింది.

ఇట్లు,
నాన్న