కొండ బదులు పలికింది

అన్నయ్యా, మన అమ్మాయి నోరు విప్పింది. ఇవాళ, పడవలో, అందరూ వినేలా మాట్లాడింది. సంతోషం పట్టలేక గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

తన తమ్ముడు సరస్సులో మునిగి పోయాక అది పెదవి విప్పలేదని నీకు తెలుసు కదా. సరస్సు చూడవచ్చినవాళ్ళకు మా పడవలో విశేషాలు చెప్పే పని దానిది. ఏడాదిగా పడవ నడుపుతూ ఆ నాలుగు ముక్కలూ నేనే చెబుతున్నాను. కొండ మలుపులో ఇంజను ఆపి, కేకేసి ప్రతిధ్వని వినిపించడం మా ఆనవాయితీ. వాడు పోయింది అక్కడే కాబట్టి ఇన్నాళ్ళూ ఆపకుండా దాటించేస్తున్నాను.

ఇవాళ తనంతట తనే వచ్చి పడవెక్కింది. మలుపు రాగానే నా భుజం తట్టి, "నాన్నా, ఆపు" అంది. ఆపాను. లేచి నిలబడి "తమ్ముడూ" అని పిలిచింది. కొండ కూడా "తమ్ముడూ" అంది. పడవలోవాళ్ళకేం తెలుసు, అదో ఆటనుకుని పిల్లా పెద్దా నవ్వుతూ "తమ్ముడూ" అని అరిచారు. అది ఏడుస్తూనే వాళ్ళకు కొండ గురించి చెప్పింది. నేను మొహం నీళ్ళవైపు తిప్పుకున్నాను.

వాళ్ళమ్మ నమ్మలేదు. అది ఇంటికొచ్చి "అమ్మా, ఆకలేస్తోంది" అన్నాక గడపలోనే కూర్చోబెట్టి అన్నం తినిపించింది.

వదినకు చెప్పు. చెల్లాయికి, బావకు చెప్పు. పిన్నికి చెవి దగ్గర అరిచి చెప్పు. మీ చిన్నాడికి మాత్రం పక్కన కూర్చుని చెప్పు. ఆ రోజు ఈతకు ఇద్దరూ దిగితే తనొక్కడే ఒడ్డుకొచ్చాడని మాకెవరికీ వాడి మీద కోపం లేదు. అక్క మాట్లాడుతోంది, వచ్చి పలకరించమన్నానని చెప్పు.